గోడ ఉన్న లెక్క

పొద్దున్నుంచీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి. మూడోసారికి మా ఆవిడ గరిటె దించి, "ఒకచోట కూర్చోండి, నాకు కళ్ళు తిరుగుతున్నాయి. ఏమైంది?" అంది.

"ఏం కాలేదు."

ఏమైందో తెలిస్తే కూర్చునేవాణ్ణే.

పగలంతా పనిచేసుకునేవాళ్ళకి సాయంత్రాలు ఫిజిక్స్ చెప్తాను. నిన్న మార్కులు చదివాను. నలభై రెండు మందిలో తప్పింది ఒక్క దుప్పట్లక్కే. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పని, అందుకే క్లాసంతా అలా పిలుస్తారు. ఈ పరీక్ష గట్టెక్కితే ఆమెకి సూపర్‌వైజరు పని ఇస్తారు. మూడోసారి రాసింది, ఇక రాయనివ్వరు. ముప్ఫై ఐదు రావాలి, ముప్ఫై రెండు వచ్చాయి. పేపరు చూపిస్తే ఎర్ర గీతలన్నీ ఓపిగ్గా చూసి, "సరే సార్" అని తిరిగిచ్చి వెళ్ళిపోయింది. మార్కుల కోసం పీక మీద కూర్చునేవాళ్ళతో నాకు పేచీ లేదు, కసిరి పంపేస్తాను. ఆ "సరే సార్" మాత్రం చెవిలో జోరీగలా పట్టుకుంది.

మూడు మార్కులు పోయిన లెక్క గుర్తుంది. బంతిని సెకనుకి ఇరవై మీటర్ల వేగంతో విసిరితే ఇరవై మీటర్ల దూరంలో పడాలి. ఏ కోణంలో విసరాలి? క్యాలిక్యులేటర్ నొక్కితే పదిహేను డిగ్రీలొస్తాయి, నా జవాబుల కీలోనూ అదే. ఆమె డెబ్భై ఐదు రాసింది.

నడుస్తున్నవాణ్ణి ఆగిపోయాను. డెబ్భై ఐదుకీ బంతి అక్కడే పడుతుంది! ఒకటి నేలబారుగా పోతుంది, ఒకటి పైకెగిరి దిగుతుంది. ఏటా నేను చెప్పే ముక్కే. దిద్దేటప్పుడు కీ చూశానే కానీ బుర్ర పెట్టలేదు.

"బండి తాళం పడెయ్, తొందరగా!"

వంటింటికీ హాలుకీ మధ్యనున్న పొట్టిగోడ మీదుగా ఎత్తుగా విసిరింది. తాళం ఫ్యాను రెక్కకి తగలబోయి నా చేతిలో పడింది.

"అంత పైకెందుకు? తిన్నగా విసరలేవూ?"

"మధ్యలో గోడ కనబడట్లేదా మీకు?"

ఆ లెక్కలోనూ గోడ ఉంది. పెట్టింది నేనే. పాత ప్రశ్న మళ్ళీ ఇస్తే బట్టీపట్టి రాసేస్తారని, "సగం దూరంలో నాలుగు మీటర్ల గోడ ఉంది, బంతి దాన్ని దాటాలి" అని చివర్లో తగిలించాను. కీ మాత్రం మార్చలేదు. పదిహేను డిగ్రీల్లో విసిరిన బంతి ఒకటిన్నర మీటరు కూడా లేవదు. అంటే నలభై ఒక్కమంది బంతిని గోడకేసి కొడితే శభాష్ అన్నాను. దాటించింది ఒక్కతే, ఆమెని తన్ని పంపాను.

పదకొండింటికి మార్కుల జాబితా సంతకానికి వెళ్ళిపోతుంది. ఆఫీసుకి పరుగెత్తి పేపర్ల కట్ట విప్పించాను. జవాబు కింద ఆమె రాసిన వాక్యం అప్పుడు చదివాను: "15 అయితే బంతి గోడకి తగులుతుంది, కాబట్టి 75." దాని పక్కన నా ఎర్రసిరా: "అనవసరం."

ముందు ఆ మాట కొట్టేశాను.

క్లర్కు నెమ్మదిగా అన్నాడు, "ఆవిడకి మూడు కలిపెయ్యండి సార్. మిగతావి కదపకండి, ఎందుకొచ్చిన గొడవ?"

నిజం చెప్పాలంటే, ఆశపడ్డాను. కానీ కలిపిన చేత్తోనే మిగతా అందరికీ మూడేసి కోశాను. నలుగురు అంచు మీంచి జారారు. వాళ్ళకి మళ్ళీ రాసే వీలుంది. సాయంత్రం అందరూ నా మీద పడతారు, పడనీ.

అక్కణ్ణించి ఆసుపత్రికి. బట్టల గది నిండా ఆవిరి. ఆమె ఇంకొకావిడతో దుప్పటి చెరో కొసా పట్టుకుని మడుస్తోంది.

"పాసయ్యావమ్మా. తప్పు నాది."

దుప్పటి కొస చేతిలోంచి జారింది.

"గోడ సంగతి అంత స్పష్టంగా రాశావే, నిన్న అడగాల్సింది కదా?"

"మీరు కొట్టేశారు కదా సార్, నాకే అర్థం కాలేదనుకున్నా. ఇంటికెళ్ళి దిద్దుకున్నా కూడా."

సంచిలోంచి నోటుబుక్కు తీసింది. డెబ్భై ఐదు కొట్టేసి ఉంది. పక్కన గుండ్రంగా పదిహేను. దాని కింద, మర్చిపోకుండా రెండు గీతలు గీసి మరీ రాసుకుంది: "గోడ గురించి ఆలోచించకూడదు."