సగం కప్పు

మా అమ్మాయి బట్టలు ఉతికే ముందు వాసన చూస్తాను. ముందు మెడ దగ్గర, తర్వాత చేతుల చివర. పంతొమ్మిది నెలలుగా చెమట వాసన తప్ప ఇంకేం తగల్లేదు. అయినా మానలేను. నేను చూడని రోజే తగులుతుందేమో అని భయం. తాగి వచ్చేవాళ్ళు సెంటు కొట్టుకుని కప్పిపుచ్చుకుంటారని ఎవరో అన్నప్పటి నుంచి, మంచి వాసన వచ్చినా గుండె జారిపోతుంది. మొన్న ఆదివారం దాని చొక్కాకి గులాబీ వాసన వచ్చింది. బకెట్టు పక్కన అలాగే కూలబడిపోయాను. తీరా చూస్తే నేనే సబ్బు మార్చాను.

దానికి ముప్పై ఒకటి. ఒకప్పుడు ల్యాబులో రక్తపరీక్షలు చేసేది. తాగుడుతో ఆ ఉద్యోగం పోయింది, మొగుడూ వదిలేసి పోయాడు. మానేశాక ఇప్పుడు కళ్ళజోళ్ళ షాపులో కూర్చుంటోంది. అది చాలదన్నట్టు మంగళవారం, శనివారం ఇంకో పని పెట్టుకుంది. తాగుడు మానినవాళ్ళంతా కలిసి, మానాలనుకునేవాళ్ళకి తోడుండే చోటు ఒకటుంది. ఇదీ అక్కడే మానింది. ఇప్పుడు అక్కడికే వెళ్ళి కొత్తగా వచ్చేవాళ్ళ పక్కన కూర్చుంటుంది, వాళ్ళు ఫోన్ చేస్తే తింటున్న కంచం వదిలేసి మాట్లాడుతుంది. "ఇప్పుడెక్కడున్నావ్? వైన్‌షాపు ముందేనా? సరే, నాతో మాట్లాడుతూ నడువు, రోడ్డు దాటు" అంటుంది. అన్నం చల్లారిపోతుంటే నాకు ఒకటే ఆలోచన. వాళ్ళని ఇటు లాగబోయి ఇది అటు జారిపోతే?

మా ఆయనకి ఆ భయం కూడా లేదు, ఉన్నదల్లా పరువు. ప్రెస్సులో ఫోర్‌మన్ ఆయన, ఇంట్లో కూడా మిషన్ల చప్పుడు మీద నుంచి మాట్లాడినట్టే మాట్లాడతారు. "జీతం లేకుండా తాగుబోతులకి టీలు పోస్తోందట నీ కూతురు!" అన్నారు. నేనూ ముప్పై నాలుగేళ్ళుగా జీతం లేకుండానే పోస్తున్నాను, అది ఎవరికీ వింతగా అనిపించలేదు. తాగినన్నాళ్ళూ, మానాక కూడా, అది నా కూతురే. పదో తరగతిలో ఫస్టు వచ్చినప్పుడు మాత్రం ఆయన కూతురు. మా మరిది తాగి గుమ్మంలో పడితే మా అత్తగారు తల ఒళ్ళో పెట్టుకుని "స్నేహాలు మంచివి కావమ్మా, వీడు బంగారం" అనేది. నా కూతురి విషయం తెలిసిన రోజు అదే నోటితో, "పెంపకం" అంది. ఒక్క మాటే. ఏడో తరగతితో ఆగిన నా చదువుకి కూడా అర్థం కాని మాటేం కాదు.

నాకు గుండెదడ అప్పుడే మొదలైంది. ఆరేళ్ళ క్రితం అది మొదటిసారి రెండు రోజులు ఇంటికి రాకపోతే, డాక్టరు పది రోజులకని నిద్రమాత్ర రాశాడు. పది రోజులైంది, భయం పోలేదు. మందుల షాపాయన ఇప్పుడు నన్ను చూడగానే అడక్కుండానే పొట్లం కడతాడు. పడుకునే ముందు ఒకటి. తర్వాత పొద్దున సగం మొదలైంది, ఆ తర్వాత సాయంత్రం నాలుగింటికి ఇంకో సగం. డాక్టరు రాసిందేగా, తాగుడు కాదుగా. నేను ఏ కాస్త కంగారుపడినా మా ఆయన "మాత్ర వేసుకుని పడుకో, నా ప్రాణం తియ్యకు" అంటారు. వేసుకుంటే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. అందరికీ.

పోయిన గురువారం మా తోటికోడలు ఫోన్ చేసింది. "అక్కా, అమ్మాయి టైర్ల షాపు పక్కన మెట్ల మీద ఎవరో గడ్డపాయనతో నిలబడి ఉందటగా? అక్కడికొచ్చేవాళ్ళంతా అదో రకమటగా? నాకెందుకులే, నీ మంచికే చెప్తున్నా" అంది. ఫోన్ స్పీకర్లో ఉంది. మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు.

"శనివారం నువ్వే వెళ్ళు. ఇక మా అమ్మాయి రాదని వాళ్ళకి చెప్పి తీసుకురా. రానంటే దాన్ని అటునుంచి అటే పొమ్మను."

"నేనా అండీ? నా మాట వింటుందా?"

"కన్నదానివి. ఇంకెవరి మాట వింటుంది?"

అమ్మాయి వంటింట్లో ఉంది. అన్నీ వినే ఉంటుంది. టీ తెచ్చింది. వాళ్ళ నాన్నకి నిండుగా, నాకు సగం. కొన్నాళ్ళుగా అంతే, నాకెప్పుడూ సగమే పోస్తోంది. ఈ ఇంట్లో కూరలో అడుగూ నాకే, చపాతీల్లో మాడిందీ నాకే. ఇప్పుడు కూతురి చేతి టీ కూడా సగమేనా అని ఎన్నిసార్లు అనుకున్నానో.

శనివారం అది కళ్ళజోళ్ళ షాపు నుంచి నేరుగా అక్కడికి వెళ్తుంది. నేను వెనకాల బస్సులో బయల్దేరాను. దారంతా కూడగట్టుకున్నాను ఏం చెప్పాలో. అది రానంటే? నిజంగానే ఆయన తలుపు వేసేస్తే? అద్దె గదిలో ఒక్కతీ ఉంటే దాని బట్టలు ఎవరు చూస్తారు? పర్సులో పొట్లం తడుముకున్నాను. ఉంది. నాలుగింటికి ఇంకా టైముంది.

టైర్ల షాపు పక్క మెట్లెక్కితే పొడుగాటి గది. గుండ్రంగా వేసిన ప్లాస్టిక్ కుర్చీలు, మూల బల్ల మీద పెద్ద ఫ్లాస్కు. గడ్డపాయన ఎదురొచ్చాడు. లారీ డ్రైవరట, తాగుడు మానేసి తొమ్మిదేళ్ళట. "రండమ్మా, రండి. ఫ్యాను కింద కూర్చోండి. అది తిరగదు, కానీ చూస్తుంటే చల్లగా ఉంటుంది" అన్నాడు. ఒక టీచరమ్మ నవ్వింది. మా అమ్మాయి నన్ను చూసి "వచ్చావా" అని మాత్రం అని, కప్పులు నింపడంలో పడింది.

నింపడం ఎక్కడ! అందరికీ సగమే. నా పక్క కుర్చీలో నా వయసున్న ఒకావిడ, మొదటిరోజట, చేతులు ఒళ్ళో దాచుకుని తలొంచుకుని కూర్చుంది. ఆవిడకీ సగమే. నాకు ఒళ్ళు మండింది. మా ఇంటి పీనాసితనం ఇక్కడిదాకా తెచ్చిందా ఇది? ఈ ఆడమనిషికి ఇంట్లో ఎవరైనా నిండుగా పోసి ఎన్నేళ్ళైందో! లేచాను. ఫ్లాస్కు అందుకుని ఆవిడ కప్పు అంచుదాకా నింపాను. "తాగండి, మొహమాటపడకండి" అన్నాను.

"అమ్మా, వద్దు!" మా అమ్మాయి గొంతు గదికి అటువైపు నుంచి వినబడింది.

ఆవిడ కప్పు ఎత్తింది. చెయ్యి వణికింది. రెండో చెయ్యి సాయం పట్టింది, అది ఇంకా వణికింది. టీ ఒళ్ళోకి, కుర్చీ మీదికి, నేల మీదికి ఒలికిపోయింది. గదిలో ఎవరూ ఆవిడ వైపు చూడలేదు, చూడకూడదని వాళ్ళకి తెలిసినట్టుంది. చూసింది నేనొక్కదాన్నే. ఆవిడ ముఖం రెండు చేతుల్లో కప్పుకుని మెట్లవైపు పరుగెత్తింది. మా అమ్మాయి వెనకే పరుగెత్తింది.

నేను చెట్టంత మనిషిని, ఫ్లాస్కు పట్టుకుని బొమ్మలా నిలబడ్డాను. డ్రైవరు నా చేతిలోంచి అది మెల్లగా తీసుకున్నాడు.

"మీ తప్పేం లేదమ్మా. కొత్తవాళ్ళ చేతులు వణుకుతాయి. నిండా పోస్తే ఒలుకుతుంది, ఒలికితే సిగ్గుపడి పోతారు, మళ్ళీ రారు. వాళ్ళొక్కళ్ళకే తక్కువ పోస్తే అదో సిగ్గు. అందుకే ఇక్కడ అందరికీ సగమే. ఈ పద్ధతి పెట్టింది మీ అమ్మాయే."

గుడ్డ తీసుకుని నేల తుడవడానికి వంగాను. తుడవడం నాకు వచ్చిన పని. తలుపు పక్కనే మెట్లు, వాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి.

"నేను మొదటిరోజు కప్పే పగలగొట్టాను ఆంటీ, మీరు నయం."

"ఆవిడెవరు? నన్ను అందరి ముందూ..."

"మా అమ్మ. చెడ్డది కాదు ఆంటీ, మీకు తక్కువైందనుకుంది. ఆవిడకి ఈ పద్ధతి తెలీదు. మా అమ్మ చేతులూ వణుకుతాయి. ఇంట్లో ఆవిడ కప్పు కూడా నేను నిండా పోయను. ఆవిడకి ఇంకా తెలీదు."

గుడ్డ మీద నా చెయ్యి చూసుకున్నాను. వేళ్ళు వాటంతటవే కదులుతున్నాయి, ఎవరిదో చెయ్యి తెచ్చి నాకు అతికించినట్టు. గోడ గడియారంలో నాలుగు దాటి పది నిమిషాలైంది. పర్సు తెరిచి మాత్ర విరిచాను. సగం అరచేతిలో పెట్టుకుని, వేసుకోకుండా ఎంతసేపు ఉండగలనో చూద్దామనుకున్నాను. పదోతరగతి ఫస్టు, బకెట్టు, మెట్లు, పెంపకం, అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. గడియారం ముల్లు నాలుగు నిమిషాలు కదిలింది, అంతే. వేసేసుకున్నాను. నీళ్ళు కూడా లేకుండా. అప్పుడు తలెత్తితే మా అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది, పక్కన ఆవిడ.

అది నా పక్కన నేల మీద కూర్చుంది.

"ఎన్నేసుకుంటున్నావమ్మా?"

"ఎప్పటి నుంచి తెలుసే నీకు?"

"నేను మానినప్పటి నుంచి. అంతకుముందు నాకేం కనబడేది?"

"మాన్పించవే. ఇదిగో, ఇప్పుడే పారేస్తా" అని పర్సు అందుకోబోయాను.

"ఒక్కసారిగా మానకూడదమ్మా, ప్రమాదం. మంగళవారం డాక్టరు దగ్గరికి వెళ్దాం, ఆయన చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గిద్దాం. నేను పక్కనే ఉంటా." పొట్లం తీసి, చూసి, మళ్ళీ నా పర్సులోనే పెట్టింది. పంతొమ్మిది నెలలుగా నేను దాని బట్టలు వాసన చూస్తున్నాను. అది ఒక్కసారి కూడా నా పర్సు వెతకలేదు.

ఫోన్ మోగింది. మా ఆయన.

"ఏమైంది? చెప్పావా వాళ్ళకి?"

"చెప్పలేదండీ. మంగళవారం నేనూ ఇక్కడికి వస్తాను దీనితో."

"మతి పోయిందా? రోజూ దాని బట్టలు వాసన చూసేదానివి, ఎంత ప్రమాదమో నీకు తెలీదూ?"

"నా బట్టలు ఎవరూ చూడలేదు" అన్నాను. "చూసినా తెలిసేది కాదు. మాత్రకి వాసనుండదు."

అటువైపు నుంచి ప్రెస్సు మిషన్ల చప్పుడు వినిపించింది.

"నీకు మళ్ళీ దడ మొదలైంది. ఇంటికొచ్చి మాత్ర వేసుకుని పడుకో."

"వేసుకుంటానండీ" అన్నాను. "ఒక్కసారిగా మానకూడదట."