రెండు సీట్ల కారు

పొద్దుటి టిఫినుకు ఉగ్గాని చేద్దామని నానబెట్టిన బొరుగులు పవిత్ర చేతిలో ముద్దయిపోయాయి. నీళ్ళలో వేసీ వేయగానే తీసి పిండేయాలి, కాస్త ఏమరితే ఇక ఎందుకూ పనికిరావు. ఆ సంగతి ఆమెకు పెళ్ళికి ముందు నుంచీ తెలుసు. కానీ ఆ ఆదివారం పొద్దున సరిగ్గా పిండబోయే వేళకు గిరి వంటింటి గడప మీద నిలబడి, ఫోన్లో ఒక ఫోటో చూపించి, "దీంట్లో ఇద్దరికే చోటు పవీ. నీకూ నాకూ. మూడో మనిషి ఎక్కాలన్నా కుదరదు," అన్నాడు. పెళ్ళయిన ఐదేళ్ళలో మొగుడి నోట "నీకూ నాకూ" అన్న మాట ఆమె వినలేదు. 'మా ఇంటికి' అన్నాడు, 'మా అమ్మకు' అన్నాడు, 'మా చెల్లెలికి' అనైతే లెక్కలేనన్ని సార్లు అన్నాడు. అందుకే చేతులు గిన్నెలో పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

ఫోటోలో ఉన్నది పాతకాలపు స్పోర్ట్స్ కారు. ఏదో ఇంగ్లీషు పేరు చెప్పాడు గానీ ఆమెకు నోరు తిరగలేదు. నేలకు ఆనుకున్నట్టుండే పొట్టి బండి, పొడుగాటి ముక్కు, మడతపెట్టే గుడ్డ పైకప్పు. ఒకప్పుడు ఎరుపు, ఇప్పుడు తుప్పు. ఇంజను తిరగదు, కింద రేకు చివికిపోయింది, వైర్లు ఎలకలు తిన్నాయి. ఇన్ని రోగాలున్న దాన్ని చూసి గిరి కళ్ళు మెరుస్తున్నాయి. "రెస్టోరేషన్ చేస్తే కొత్త పెండ్లికూతురి మాదిరి అయితాది," అన్నాడు. ఆ వేడుకకు పసుపు నూరేదీ గిన్నెలు తోమేదీ ఎవరో మాత్రం చెప్పలేదు.

అత్త నారాయణమ్మ ముద్ద ఉగ్గాని నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది. "సీట్లు కుట్టే చేతులకు బొరుగులు పిండేది యాడ వస్తాది," అంది. కొడుకు ఫోన్ చేతికిస్తే ఫోటో ఎగాదిగా చూసి, "రెండే సీట్లా? చాల్లే మీకు. ఐదేండ్లుగా చూస్తానే ఉండాం, ఇద్దరే గదా ఉండేది," అని ఇంకో ముద్ద తీసుకుంది. ఆ మాట యాడ తగలాల్నో ఆడ తగిలింది. పిల్లల కోసం ఇద్దరినీ రమ్మన్న డాక్టరమ్మ దగ్గరికి గిరి ఒక్కసారీ రాలేదు. ఆ సంగతి అత్తకు తెలియదు, తెలిసినా ఒప్పుకోదు. పవిత్ర ఇంకో రెండు చెంచాల ఉగ్గాని వడ్డించింది.

సీట్లు కుట్టడం నిజమే. పెనుకొండ దగ్గర హైవే పక్కన కార్ల సీట్లకు కవర్లు కుట్టే ఒక కంపెనీలో పవిత్ర పని చేస్తుంది. లైనులో అందరూ ఆడవాళ్ళే. ఎందుకని ఎవరో అడిగితే సూపర్‌వైజర్ నవ్వుతూ, "మీకు ఇంట్లో అలవాటైన పనే కదమ్మా, మేం కొత్తగా నేర్పేదేముంది?" అన్నాడు. అలవాటైన పని కాబట్టి జీతం కూడా అలవాటైనంతే. బాత్రూముకు పోవాలంటే పక్క మనిషి తన మిషన్‌తో పాటు ఈమె మిషన్ కూడా చూడాలి, కాబట్టి నీళ్ళు తాగడం తగ్గించుకున్నారు అందరూ. సాయంత్రం కంపెనీ బస్సు దిగాక ఇంట్లో రెండో లైను మొదలవుతుంది. దానికి సూపర్‌వైజర్ నారాయణమ్మ. గిరి కూడా ఫ్యాక్టరీలోనే పనిచేస్తాడు, అతనూ అలసిపోయే వస్తాడు. తేడా ఒక్కటే, అతను అలసిపోతే ఇంట్లో అందరికీ తెలుస్తుంది.

ఇదంతా పవిత్ర ఓర్చుకుంటున్నది ఒక షెడ్డు కోసం. సోమందేపల్లిలో రోడ్డు పక్కనే గిరి వాళ్ళ పాత ఇల్లుంది, తాళం వేసి ఉంటుంది. దానికి ఆనుకుని రేకుల షెడ్డు. రెండేళ్ళ కిందట కంపెనీ పాత మిషన్లు అమ్మేస్తుంటే ఓవర్‌టైం డబ్బులతో పవిత్ర ఒకటి కొనుక్కుంది. రెక్సిన్ నాలుగు మడతలు పెట్టినా వెన్నలా కుట్టే బరువు మిషన్. "యాడ పెట్టుకుందును?" అని అడిగితే గిరి గడ్డం గీసుకుంటూ, "ఆ షెడ్డు నీదే పో," అన్నాడు. గడ్డం గీసుకుంటూ చెప్పిన మాట అతనికి మొహం కడుక్కోగానే మరుపొచ్చి ఉండవచ్చు. ఆమెకు రాలేదు. ఆదివారాలు పోయి షెడ్డు ఊడ్చుకునేది. మిషన్‌కు నూనె పెట్టి, పాత చీర కప్పి వచ్చేది. అక్కడ ఏమేం కుట్టొచ్చో లెక్కేసుకునేది, ఆటో సీట్లు, ట్రాక్టరు సీట్లు, లారీ క్యాబిన్లు. రోడ్డు మీద పోయే బండి ప్రతిదానికీ ఒక సీటుంటుంది, ప్రతి సీటూ ఒకరోజు చిరుగుతుంది. పని వెతుక్కుంటూ అదే వస్తుంది. కంపెనీ మానేసి, బోర్డు పెట్టి, దాహమైతే నీళ్ళు తాగి, పోవాల్సి వస్తే లేచిపోయే చోట కూర్చుని కుట్టుకోవాలి. ఆమె కోరిక అంతే. పోయిన మూడు వారాలు ఆదివారం కూడా డ్యూటీ పడి అటు పోలేదు.

"కారు యాడ పెడతావు?" అని అడిగింది పవిత్ర.

"అదంతా నాకొదిలెయ్. నువ్వేమంటావో చెప్పు. నువ్వు సరేనంటేనే కొంటా."

అడిగాడు! ఆమె నిజంగానే పొంగిపోయింది. బట్టల సబ్బు మార్చాలన్నా అమ్మనడిగే మనిషి తనను అడిగాడు. ఒకసారి ఆ కారులో కూర్చున్నట్టు ఊహించుకుంది కూడా. గుడ్డ పైకప్పు తీసేసి ధర్మవరం రోడ్డున పోతున్నారు, వెనక సీటు లేదు, వెనక నుంచి వచ్చే మాటలూ లేవు. "చూసొద్దాం పద," అంది.

బయల్దేరేముందు నారాయణమ్మ తమలపాకులు, వక్కలు, పసుపుకొమ్ము తీసి, వాటి మధ్య అడ్వాన్సు పెట్టి కోడలి చేతికిచ్చింది. వాళ్ళింట్లో బండి కొన్నా, బోరు వేసినా అంతే. మొదటి తాంబూలం ఇంటి ఇల్లాలి చేతి మీదుగా పోవాలి, అప్పుడే బేరం నిలుస్తుంది. మామ పోయినాక నారాయణమ్మ చెయ్యి ఆ పనికి రాకుండా పోయింది. అంతకు ముందు ముప్పై ఏళ్ళు అన్నీ ఆమె చేతి మీదే పోయాయట. ఇప్పుడు ఆకులు తుడిచి, పేర్చి, చివరి నిమిషంలో కోడలికి అందించి పక్కకు జరుగుతుంది. ఆ జరగడం చూసినప్పుడు మాత్రం పవిత్రకు ఆమె మీద కోపం నిలవదు. పోయినసారి పవిత్ర చేతి మీదుగా కొన్న సెకండ్‌హ్యాండ్ ట్రాక్టరు ఆర్నెల్లకే మూలపడింది. "చెయ్యి మంచిది కాదు," అని ఏడాది పాటు విన్నది. ఆ మంచిది కాని చేతినే మళ్ళీ అడుగుతున్నారు, ఇంట్లో వేరే చెయ్యి లేక.

హిందూపురంలో ఈశ్వరప్పది పెద్ద ఇల్లు. ఒకప్పుడు పట్టుగూళ్ళ వ్యాపారం బాగా చేసిన మనిషి. కారు వెనక వసారాలో ఉంది. దాని మీద పట్టుపురుగులు గూళ్ళు కట్టే వెదురు తట్టలు గుట్టగా పేర్చి ఉన్నాయి. అవన్నీ తీయించి, దుమ్ము దులిపి, "నా వయసులో దీన్ని బెంగుళూరికి తోలుకుపోతాంటే రోడ్డు మీద జనం నిలబడి చూస్తా ఉండ్రి," అన్నాడు ఈశ్వరప్ప. "దుడ్ల కోసం అమ్మడం లేదప్పా. ప్రేమగా చూసుకునేవాళ్ళకు ఇయ్యాలని."

గిరి బానెట్ ఎత్తి తల లోపలికి దూర్చేశాడు. పవిత్ర తలుపు తీసి సీట్ల దగ్గర కూర్చుంది. పైన రెక్సిన్ రెండింటికీ పెచ్చులు లేచిపోయింది, ఎలకలు కొరికేశాయి. అలవాటు కొద్దీ లోపలికి చెయ్యి పెట్టి స్ప్రింగులు నొక్కి చూసింది. నడిపే సీటు స్ప్రింగులు పూర్తిగా కుంగిపోయాయి, ఒక మనిషి ఏళ్ళ తరబడి కూర్చున్న గుంట అలాగే ఉంది. పక్క సీటు నొక్కింది. గట్టిగా, కొత్తదానిలా చేతిని ఎగదన్నింది. మళ్ళీ నొక్కింది. అందులో ఎవరూ కూర్చున్నట్టు లేదు.

"ఈ సీట్లో అమ్మగారు కూర్చోలేదా సార్?" అని అడిగింది.

"పద్మావతా? ఆమెకు దుమ్ము పడదు, గాలి పడదమ్మా. కార్లంటే ఇష్టం లేదు ఆమెకు."

పద్మావతమ్మ అప్పుడే కాఫీ తీసుకొచ్చింది. డెబ్బై దాటిన మనిషి. గ్లాసులు బల్ల మీద పెడుతూ, "ఒక్కసారన్నా పిలిచింటే తెలుస్తా ఉండె, ఇష్టమో కాదో," అంది.

మొగవాళ్ళిద్దరూ గట్టిగా నవ్వారు. పద్మావతమ్మ నవ్వలేదు. పవిత్ర చెయ్యి ఇంకా ఆ గట్టి స్ప్రింగుల మీదే ఉంది. నలభై ఏళ్ళు ఈ ఇంట్లో వండి, వడ్డించి, పట్టుగూళ్ళు ఏరిన మనిషికి, పది అడుగుల దూరంలో ఉన్న సీటులోకి పిలుపు రాలేదు. ఇద్దరికే చోటని ఈశ్వరప్ప కూడా ఒకప్పుడు చెప్పే ఉంటాడు. ఆమె కూడా వంట మధ్యలో ఆగిపోయే ఉంటుంది.

అంతలో గిరి ఫోను మోగింది. ధర్మవరం నుంచి ఆడబిడ్డ కీర్తన. గిరి రెండు మాటలు విని, మొహం ఒకలాగా పెట్టి, "తర్వాత చెయ్," అన్నాడు. అటువైపు ఆమె వదిలినట్టు లేదు. "నీతోనే మాట్లాడాలంట," అని ఫోను పవిత్రకిచ్చి మళ్ళీ బానెట్లో తల పెట్టాడు.

"వదినా, మిషన్ నాకిచ్చెయ్యమని నువ్వే అన్నావంట గదా, అన్న చెప్పినాడు. ఎంత మంచిదానివి వదినా! కానీ ఇది పట్టు జాకెట్లకు పనికొచ్చేట్టు లేదు. సూది దిగినకాడల్లా బొక్క పడతాండాది. ఒకరి పెండ్లి జాకెట్టు పాడైపోయె. సన్న సూదేదన్నా ఉంటే పంపియ్యి వదినా."

పవిత్రకు మొదట అర్థం కాలేదు. తర్వాత అంతా ఒక్కసారే అర్థమైంది.

"దానికి సన్న సూది పట్టదు కీర్తనా," అంది. "అది రెక్సిన్ కుట్టేది. పక్కన పెట్టు, నేనొచ్చి తీసుకుంటా."

"అయ్యో, దాని మోటారు మా ఆయన విప్పేసినాడే! మగ్గానికి దారం కండెలు చుట్టేదానికి బిగించుకున్నాడు. మంచిగా తిరుగుతాండాది వదినా."

ఫోను పెట్టేసి పవిత్ర మొగుడి దగ్గరికి పోయింది. గిరి తల ఎత్తకుండానే, "ఊరికే పడుండాది గదా అని అమ్మే అనింది. చెల్లెలికి పనికొస్తాదని పంపిచ్చినాం," అన్నాడు.

"నాకు చెప్పలేదు."

"డ్యూటీలో ఉంటివి. ఇప్పుడు తెచ్చినా యాడ పెడతావు? షెడ్డులోకి కారు వస్తాది గదా." అని తల బయటకు తీసి, ఈశ్వరప్ప వింటున్నాడని చూసుకుని, గొంతు తగ్గించాడు. "ఇంటికి పోయినాక మాట్లాడుదాం. ఆ తాంబూలం ఇచ్చెయ్. మంచి గడియ పోతాది."

నిన్ను అడిగే కొంటా అన్న మనిషి షెడ్డు ముందే ఖాళీ చేసి పెట్టుకున్నాడు. కారు కొనాలా వద్దా అన్నది నిజానికి ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె చెయ్యి కావాలి, తాంబూలం ఇవ్వడానికి ఒకటి, సీట్లు కుట్టడానికి ఒకటి. వద్దంటే ఏమవుతుంది? గిరి మొహం మాడ్చుకుంటాడు. నువ్వు వద్దన్నందుకే అని జీవితమంతా అంటారు. మోటారు మాత్రం ధర్మవరంలో కండెలు చుడుతూనే ఉంటుంది. ఏడుద్దామనుకుంది, కళ్ళలో నీళ్ళు కూడా రాలేదు. రెండేళ్ళు చీర కప్పి దాచుకున్న మిషన్ ఆమె మంచితనం కింద లెక్కైపోయింది. అందరూ మెచ్చుకున్నారు కూడా.

ఈశ్వరప్ప కండువా సర్దుకుని రెండు చేతులూ చాచాడు. పవిత్ర తాంబూలం అతని చేతిలో పెట్టింది. గిరి గట్టిగా ఊపిరి పీల్చుకుని, కారు వీపు మీద గుర్రాన్ని తట్టినట్టు తట్టాడు.

"ఇంజను సంగతి సరే. సీట్లే కష్టమప్పా," అన్నాడు ఈశ్వరప్ప. "ఇట్లాంటివి కుట్టేవాళ్ళు ఇప్పుడు దొరకరు."

"దానికి దిగులే లేదు సార్. మా ఆమె పని అదే. రెండూ కుట్టి పెడతాది, కూలీ కూడా ఇచ్చే పని లేదు." గిరి నవ్వాడు.

"ఒకటే కుడతా," అంది పవిత్ర.

"ఒకటేంది? రెండోది?"

ఖాళీ గ్లాసులు తీసుకుంటున్న పద్మావతమ్మ ఆగిపోయింది. పవిత్ర వంగి, కారు తలుపు నెమ్మదిగా మూసింది.

"నీది కుడతా. రెండోది విప్పి ఈడనే పెట్టిపో. దాంట్లో కూచునేదానికి నేనుండను."