కిటికీలో ఒకటి

శనివారం పొద్దున్నే భ్రమరాంబ గారు ఇడ్లీ పాత్ర దించేవారు. వీరభద్రరావు గారు నాలుగు ఇడ్లీలు తిని, ప్లేటు సింకులో పెట్టి, "అలా వెళ్ళొస్తా" అనేవారు. అలా అంటే ఎటు అని ఆవిడ అడిగేవారు. తుపాకీ కోసం అని ఆయన అనేవారు. కెనడాలో సస్కటూన్ యూనివర్సిటీలో జీవితమంతా మట్టి గురించి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. కాఫీలో పడిన చీమని వేలితో తీసి కిటికీ గట్టు మీద ఆరబెట్టే రకం. అలాంటాయన తుపాకీ కోసం తిరుగుతున్నానంటే మా తెలుగువాళ్ళలో ఎవరు నమ్ముతారు?

నిజానికి ఆయన నిజమే చెబుతున్నారు. చదువుకునే రోజుల్లో ఆయన ప్రొఫెసరు ఒకసారి వేటకి తీసుకెళ్ళి, లీవర్ రైఫిల్ ఒకటి చేతికిచ్చాడట. కింద కడ్డీని ముందుకి తోసి వెనక్కి లాగితే తూటా లోపలికి వెళ్ళే రకం. ఎడమ పక్కన చిన్న కిటికీ, అందులో ఇంకెన్ని తూటాలున్నాయో చూపించే ఇత్తడి చక్రం. ఆ కడ్డీ కదిలిన తీరు ఆయన చేతికి అలాగే గుర్తుండిపోయింది. తీరా సొంతంగా కొనుక్కుందామనుకునే సరికి కంపెనీ ఆ రకం చేయడం మానేసింది.

చివరికి రోస్తర్న్ దాటాక ఒక పల్లెలో డోరతీ అనే రైతు భార్య దగ్గర దొరికింది. భర్త పోయాక దాన్ని ఊరికే గోడకి వేలాడదీసుకునే వాళ్ళకి ఇవ్వనని ఆవిడ పట్టుబట్టింది. ఈయన లైసెన్సు చూపించి, వేటాడతానని మాటిచ్చి తీసుకున్నారు. ఇచ్చేటప్పుడు ఆవిడ, ట్రాక్టర్ క్లచ్ కొంచెం గట్టిగా ఉంటుందని చెప్పినంత మామూలుగా, రెండు సంగతులు చెప్పింది. నూనె ఎక్కువ పెట్టకు. కిటికీలో అంకె తూటాలది కాదు, నిన్ను అనుమానించే మనుషులది. అది సున్నాకి వస్తేనే పేలుతుంది. ఆవిడ భర్త, మంచు మీద రాళ్ళు జార్చే ఆట ఆడే ఊరి కర్లింగ్ క్లబ్బుకి ప్రెసిడెంటట. పదవిలో ఉన్నంతకాలం పాపం ఒక్క జింకని కూడా కొట్టలేకపోయాడు.

రైఫిల్ బేస్‌మెంట్ బీరువాలో చేరిన రోజు కిటికీలో ముప్పై నాలుగు ఉంది. మా తెలుగు అసోసియేషన్‌లో ఓటేయడానికి కూడా అంతమంది రారు. పండగకో పుట్టినరోజుకో వచ్చినవాళ్ళు కిందికి దిగి, "ఇవాళ ఎంతుంది అంకుల్?" అని టెంపరేచర్ అడిగినట్టు అడిగేవారు. అసోసియేషన్‌లోని లక్ష్మీకాంతం గారు చూసి వెళ్ళి ఇంకొకరి చెవిలో వేసిన ప్రతిసారీ అంకె ఒకటి పెరిగేది. ఆవిడ మాత్రం, జనం ఎంత చెడిపోయారో చూడమని నిట్టూర్చేవారు.

అనుమానానికి కారణం లేకపోలేదు. రైఫిల్ దొరికాక కూడా ఆయన శనివారాలు వెళ్ళడం మానలేదు. డోరతీ వాళ్ళ పొలంలోనే వేట, అక్కడే ప్రాక్టీసు అనేవారు. పేలని తుపాకీతో ఏం ప్రాక్టీసని త్యాగరాజు గారు అడిగారు. ఆయన రిటైరైన డెంటిస్టు. ఎవరి నోట్లో ఏముందో తెలుసుకోకపోతే నిద్రపట్టదు.

ఆ ఏడు జింకకి పర్మిట్ వచ్చింది. మోకాళ్ళు చూస్తే వచ్చే ఏడాదికి మాటిచ్చేలా లేవు, కళ్ళలో శుక్లాలు. భ్రమరాంబ గారు ఆపరేషన్‌కి తేదీ తీసుకుంటే, వేట సీజన్ అయ్యాక చూద్దామని ఆయన వాయిదా వేయించారు. ఈ నవంబర్లో కాకపోతే ఇక లేదు. అందుకని, ఆ డోరతీ ఎలాంటి మనిషో చూసుకోమని, వీరభద్రరావు గారు ఒక ఆదివారం అందర్నీ మూడు వ్యాన్లలో డోరతీ ఇంటికి తీసుకెళ్ళారు. ఎనభై దాటిన మనిషి, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని వాళ్ళకి టీ ఇచ్చింది. మనవాళ్ళు సిగ్గుపడాల్సినంతా పడి, దారిలో పకోడీలు తింటూ తిరిగొచ్చారు. బేస్‌మెంట్‌లో చూస్తే అంకె ఒకటికి దిగింది.

ఆ ఒక్కరు ఎవరో ఎవరూ అడగలేదు. భ్రమరాంబ గారు మెట్ల మీదే కూర్చుని ఉన్నారు.

"ఎనభై ఏళ్ళ ఆవిడేనోయ్," అన్నారు వీరభద్రరావు గారు.

"చూశాను కదా. మరి ఎనభై ఏళ్ళ ఆవిడ దగ్గర పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఏం చేస్తారు?"

ఆయన బీరువాకి తాళం వేశారు. జవాబు ఉంది, ఆవిడకి చెప్పేది కాదు.

ఆయుధపూజ నాడు ఆవిడ ఉన్నట్టుండి మెత్తబడ్డారు. కారు, కుట్టుమిషను, మంచు తోసే యంత్రం అన్నిటికీ పసుపు రాసి, రైఫిల్‌నీ బయటికి తీయమన్నారు. దానికీ పసుపు రాసి, నూనెలో కలిపిన కుంకుమతో సరిగ్గా ఆ కిటికీ మీద కాసంత బొట్టు పెట్టారు. "ఇంక నేను అనుమానించను. మీరూ దీంట్లో చూసుకుంటూ కూర్చోకండి," అన్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి. నలభై ఏళ్ళు కాపురం చేసి కూడా ఆయనకి ఆవిడ సంగతి తెలియలేదని మేమందరం అనుకున్నాం.

నవంబర్లో మొదటి మంచు పడ్డాక, తోటి వేటగాళ్ళకి కనబడేలా నారింజ రంగు జాకెట్టు తొడుక్కుని ఆయన డోరతీ పొలం చివర పొదల దగ్గర కూర్చున్నారు. గాలి లేదు. చాలాసేపటికి పాప్లర్ చెట్ల వెనక గోధుమరంగుగా ఏదో కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. జింక అలాగే నడుస్తుంది. కొమ్ములు కనబడేదాకా ఆగాలని లైసెన్సు కోర్సులో చెప్పారు, ఆయనే పదిమందికి చెప్పారు కూడా. కానీ ఇన్నేళ్ళ కోరిక వేలి చివరికి వచ్చి కూర్చుంది. కడ్డీ తోసి లాగారు, తూటా లోపలికి వెళ్ళింది. గురిచూసి ట్రిగ్గర్ నొక్కారు.

కదల్లేదు. మళ్ళీ నొక్కారు. రాయిలా ఉంది.

రైఫిల్ దించి, గోటితో కుంకుమ గీకారు. కిందనుంచి ఒకటి అంకె తొంగిచూసింది.

ఆయనకి ఒళ్ళు మండిపోయింది. దేవుడి ముందు మాటిచ్చి ఇదా అని, గ్లవ్ తీసి భ్రమరాంబ గారికి ఫోన్ చేశారు. పాప్లర్ చెట్ల వెనక నాదస్వరం మోగింది.

"చెప్పండి," అన్న మాట ఫోన్లోనూ వినబడింది, చెట్లలోంచీ వినబడింది.

"ఎక్కడున్నావు?"

"ఇంట్లోనే. పప్పు పొయ్యి మీదుంది."

గోధుమరంగు శాలువా కప్పుకున్న మనిషి, ఆయనకి కనబడకూడదని ఏరి ఏరి కప్పుకున్న శాలువా, చెట్టు పక్కనుంచి ఇవతలికి వచ్చి, ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నిలబడింది.

వీరభద్రరావు గారు మంచులో కూర్చుండిపోయారు. కడ్డీని తోసి లాగి, తోసి లాగి, తూటాలన్నీ మంచులోకి రాల్చారు. ఆవిడ దగ్గరికి వచ్చి ఆ తూటాలు చూశారు, రైఫిల్ చూశారు, తన శాలువా చూసుకున్నారు. పక్కనే మంచులో కూర్చున్నారు.

"అక్కడ పై తింటున్నాను," అన్నారాయన. "నీలం సస్కటూన్ బెర్రీలు పెట్టి కాల్చే తీపి రొట్టె. శనివారం శనివారం ఆవిడ చేస్తుంది. నా షుగరు సంగతి ఆవిడకి చెప్పలేదు."

"ఒక ముక్కా?"

"పళ్ళెమంతా."

మూడు నెలలుగా షుగరు ఎందుకు దిగడంలేదో, సాయంత్రానికి నాలుక ఎందుకు నీలంగా ఉంటోందో ఆవిడకి ఆ క్షణాన తేలిపోయింది. ఆయన ఒడిలో ఉన్న రైఫిల్ కిటికీలో చక్రం మెల్లగా తిరిగి సున్నా దగ్గర ఆగింది. అన్నాళ్ళు ఎదురుచూసిన సున్నా. దాన్ని చూడగానే ఆయన తుపాకీని ఆవిడ నుంచి దూరంగా తిప్పి పడుకోబెట్టారు.

ఆ నెలలోనే కళ్ళ ఆపరేషన్ అయింది. మరుసటి సీజన్‌కి చూపు బాగుంది, మోకాళ్ళు కూడా సర్దుకున్నాయి. ఆయన ఇంకా వేటకి వెళతారు. ఇంతవరకూ ఏమీ కొట్టలేదు. జింకలు ఆయన ముందే మేస్తాయని డోరతీ చెప్పిందట.

వెళ్ళే ముందు మాత్రం ఇద్దరూ గుమ్మం దగ్గర ఆగుతారు. ఇప్పుడు ఆవిడా వెంట వెళతారు, నారింజ రంగు జాకెట్టు తొడుక్కుని.

"నిన్న సాయంత్రం ఎక్కడికెళ్ళారు?" అని అడుగుతారు ఆవిడ.

"ఊరికే, అలా," అంటారు ఆయన.

ఆవిడ కళ్ళు చిన్నవి చేసి ఆయన్ని చూస్తారు. తరవాత ఇద్దరూ వంగి కిటికీలోకి చూస్తారు. ఒకటి.

"సరే, పదండి," అంటారు ఆవిడ.