వికారాబాద్ గాలి తగిలిన పెండ్లికొడుకు

పందొమ్మిది వందల యాభై అయిదు ఎండాకాలంలో వికారాబాద్‌లో నాకంటే గొప్పవాడు లేడని నా నమ్మకం. హైదరాబాద్‌లో బీఏ చదువుతున్న మమ్మల్ని కొందరిని బొంబాయికి చెందిన ఒక పెద్ద బీమా కంపెనీ సెలవుల్లో పని నేర్పడానికి తీసుకుంది. నాది దగ్గర్లోని తాండూరు కాబట్టి నన్ను వికారాబాద్ బ్రాంచికి పంపారు. మెడకు టై కట్టుకొని, చేత తోలు సంచీ పట్టుకొని రోడ్డెక్కితే మేకలు కూడా పక్కకు తప్పుకునేవి.

మనుషులూ తప్పుకునేవారు. ఎందుకో నాకు ఆలస్యంగా తెలిసింది.

మేనేజర్ చంద్రశేఖర్ గారు నాకు ముఖ్యంగా నేర్పింది ఒకటి: ముందు మాట కలపాలి, తర్వాత బీమా సంగతి ఎత్తాలి. నేను తాండూరు ప్యాసింజర్‌లో మాట కలిపేవాణ్ణి. ఎక్కడి నుంచి వస్తున్నావని ఎవరైనా అడిగితే, "రెండు నెలల సంది వికారాబాద్‌లనే ఉంటున్న" అని గర్వంగా చెప్పేవాణ్ణి. బీమా సంగతి ఎత్తేలోపే వాళ్లు దూరం జరిగేవారు. ఒక పెద్దమనిషి తువ్వాలతో మూతి కప్పుకొని తాండూరు దాకా అలాగే కూర్చున్నాడు. ధారూర్ స్టేషన్లో చాయ్ అమ్మే ఈరయ్య నాకు మాత్రం వేరే గ్లాసులో పోసి, దాన్ని విడిగా బోర్లించేవాడు. చదువుకున్నవాడినని మర్యాద చేస్తున్నారనుకున్నాను. సెలవులు ముగింపుకొచ్చినా ఒక్క పాలసీ చేయలేదు. దానికి జనం తెలివితక్కువతనమే కారణమని మేనేజర్‌కు చెప్పాను కూడా.

ఒకరోజు మా నాయన చంద్రప్ప నేరుగా బ్రాంచికే వచ్చాడు.

"నర్సప్పా, ఎంకమ్మ లగ్గం ఆపుమన్నది" అన్నాడు.

ఎంకమ్మ ధారూర్‌లో ఉండే మా దూరపు చుట్టం. ఆమె మనవరాలు ఈశ్వరమ్మ నాకు వరసకు మరదలు. దసరా దాటగానే మా పెండ్లి. ఆ పిల్లంటే నాకు ఎంత ఇష్టమంటే, రైలు ధారూర్‌లో ఆగినప్పుడల్లా ఊరివైపు కిటికీ దగ్గర సీటు కోసం కొట్లాడేవాణ్ణి.

"ఎందుకంట?" అన్నాను.

"పరాయి ఊరోడు రెండు నెలలు వికారాబాద్‌ల ఎందుకుంటడు రా? గుట్ట మీది దవాఖాన కోసమే గద. నువ్వు జూస్తె బక్కగైతివి. నీకు క్షయ అని ధారూరంత ఒక్కటే ముచ్చట."

నాకప్పుడు వెలిగింది. అనంతగిరి గుట్ట మీద క్షయ దవాఖాన ఉంది. ఎక్కడెక్కడి రోగులో ఆ గాలి కోసం వచ్చి నెలల తరబడి ఉంటారు. రెండు నెలలుగా ఆ రైల్లో, టై కట్టుకొని మరీ, నాకు రోగముందని నేనే దండోరా వేసుకున్నాను.

మర్నాడే ధారూర్‌కు పోయాను. ఎంకమ్మ నన్ను అరుగు ఆ చివర కూర్చోబెట్టి, తాను ఈ చివర కూర్చుంది. నేను ఊపిరి తీసుకుంటుంటే రెప్ప వేయకుండా చూసింది.

"అవ్వా, నాకేం రోగం లేదు. కావాల్నంటే డాక్టర్ తోని చెప్పిస్త."

"ఫీజు ఇచ్చినంక డాక్టర్ ఏమైన చెప్తడు. నీ కొలువు సంగతి చెప్పు. మనిషి సస్తే మీ కంపెనీ పైసలిస్తదట గద?"

"ఇస్తది. రెండు వేలకు రాసుకుంటే రెండు వేలు."

"ఒక్క కిస్తు కట్టి సస్తే?"

"అప్పుడు సుత రెండు వేలే."

ఎంకమ్మ నోరు తెరిచింది. "గట్లయితే మీ కంపెనోడు పిచ్చోడన్న కావాలె, మనిషిని గట్టిగ జూసి తీసుకునెటోడన్న కావాలె" అంది.

"డాక్టర్ చూస్తడు అవ్వా, కంపెనీ డాక్టర్."

"ఆ డాక్టర్ తప్పు చెప్తే ఎవల పైసలు పోతయి?"

"కంపెనీవి."

"అయితె ఆ డాక్టర్‌ను నమ్ముత. పో, కంపెనీ నీ మీద పైసలు పెడ్తే నేను పిల్లనిస్త."

నేను రెండు నెలలు కష్టపడి ఎవరికీ చెప్పలేకపోయిన వ్యాపారాన్ని ఆమె అరుగు మీద కూర్చొని తేల్చేసింది. కంపెనీ డాక్టరు నా రొమ్ము కొలిచి, వీపు మీద తట్టి, చెవి ఆనించి దగ్గమన్నాడు. నేను భయంతో దగ్గలేకపోయాను. అయినా పాస్ చేశాడు. నా మొదటి పాలసీ నాదే.

అక్కడితో ఆగలేదు. ఎంకమ్మ తీర్పు ధారూర్ నుంచి మర్పల్లికి, అక్కడి నుంచి బంట్వారానికి పాకింది. బీమా కంపెనీ ఒప్పుకోని పిల్లగానికి పిల్లనిచ్చేది లేదని ఆడపిల్లల తల్లులు పట్టుబట్టారు. పెండ్లి కావలసిన పిల్లగాళ్లు నా వెంట పడ్డారు. చంద్రశేఖర్ గారు సంతోషం పట్టలేక నాకు స్వయంగా చాయ్ తెప్పించారు. అందరికీ పోసే గ్లాసులోనే.

పాలసీ వచ్చాక ధారూర్‌కు పోతే నేల మీద నడవలేదనే చెప్పాలి. అరుగు ఎక్కుతుంటే ఈశ్వరమ్మ నీళ్ల చెంబు పట్టుకొని ఎదురొచ్చింది.

"బావా, జర ఆగు. లోపలికి పోకముందే ఒక ముచ్చట వినాలె" అంది.

ఆగాను.

"చిన్నప్పుడు నేను ఏడాది గుల్బర్గల చిన్నమ్మ ఇంట్ల ఉన్ననని మీకు చెప్పిండ్రు గద. నేను గుల్బర్గ పోలే. గుట్ట మీద దవాఖానల ఉన్న. అవ్వ నా మంచం పక్కనే ఉన్నది. సూదులతోని మంచిగైంది, మల్ల రాలే. నీకు చెప్పొద్దని అవ్వ ఒట్టేయించుకున్నది. నిన్ను ఇంత పరేషాన్ జేసి, నా సంగతి దాచుడు నాకు మంచిగనిపిస్తలేదు." చెంబు నా వైపు చాచి అడిగింది: "మీ కంపెనీ నా మీద పైసలు పెడ్తదా?"

ఎంకమ్మ అంతగా ఎందుకు భయపడిందో అప్పుడు అర్థమైంది. ఈశ్వరమ్మ అడిగినదానికి జవాబు కూడా నాకు బాగా తెలుసు. క్షయ వచ్చి తగ్గినవాళ్ల ఇంట్లో బీమా మాట ఎత్తకుండా దండం పెట్టి లేచి రావాలని చంద్రశేఖర్ గారు మొదటి రోజే నేర్పారు.

"పెట్టదు" అన్నాను.

ఆమె తల వంచుకుంది. చెంబు నాకివ్వకుండా వెనక్కి తీసుకుంది. రెండు నెలలుగా వేరే గ్లాసులో చాయ్ తాగినవాణ్ణి నేను. ఆమె మనసులోనే అన్నేళ్లుగా తాగుతోంది, ఎవరికీ తెలియకుండా.

"ఈశ్వరీ, నీళ్లు ముందు నువ్వు తాగు. మూతి పెట్టి తాగు" అన్నాను.

అర్థం కాక చూసింది. తర్వాత తాగింది. చెంబు తీసుకొని మిగిలిన నీళ్లన్నీ నేను తాగాను, ఎత్తి పోసుకోకుండా, ఆమె తాగిన వైపు నుంచే.

"కంపెనీ సంగతి కంపెనీది. నేను పెడ్త" అన్నాను.

గుమ్మంలో చప్పుడైతే తిరిగి చూశాను. ఎంకమ్మ ద్వారబంధం పట్టుకొని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"అరుగు మీద ఎందుకు నిలబడ్డవ్ బిడ్డా" అంది నాతో. "లోపలికి రా, అన్నం తిందువు."