పిన్ని దారి అడిగింది

ఆమె మంచిది కాదు. ఈ మాట మొదటే చెప్పేస్తే తర్వాత ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు. ఎనిమిది వందల మీటర్ల పరుగులో కొన్నేళ్లుగా ఆమెను మించినవాళ్లు లేరు, మైదానంలో ఆమెను మెచ్చుకునేవాళ్లూ లేరు. మొదట్లో ఆమెను మోచేయి అనేవాళ్లు. మలుపులో పక్కన పరిగెత్తేవాళ్ల డొక్కలో ఆ మోచేయి ఎప్పుడు దిగేదో ఏ జడ్జి కంటికీ ఆనేది కాదు. డొక్కలకు మాత్రం బాగా తెలిసేది. తర్వాత ఆమె అక్క కూతురు కూడా పరుగులోకి వచ్చి అందరి ముందూ "పిన్నీ, పిన్నీ" అనడం మొదలుపెట్టింది. దాంతో మైదానం మొత్తానికి ఆమె పిన్ని అయి కూర్చుంది. ముప్పై అయినా నిండని తనను గడ్డాలొచ్చిన మగాళ్లు సైతం పిన్నీ అంటుంటే ఆమెకు ఒళ్లు మండిపోయేది.

వంద మీటర్లకు ఆమె వేగం చాలదు, ఐదు వేలకు ఓపిక చాలదు. ఈ రెండింటికీ మధ్య కోపంతో నెట్టుకురాగల దూరం ఒకటుందని కనిపెట్టింది ఆమె బావ. ఆయన కోచ్. పెళ్లైన కొత్తలో, ఈ మరదలు తన చెప్పు ఎత్తుకుపోయిన కుర్రాణ్ని రెండు సందులు తరిమి పట్టుకుని, అదే చెప్పుతో వాయించడం చూశాడు. మర్నాడు పొద్దున్నే మైదానానికి తీసుకొచ్చాడు. ఆమె పతకాలన్నీ ఆ చెప్పుతో మొదలైనవే.

ఆయన మైదానంలో ఒక నియమం ఉంది. సాధనలో మొదటి లైన్లో నెమ్మదిగా వెళ్తున్నవాళ్లకు వెనక నుంచి "దారి" అని వినబడితే పక్క లైన్లోకి తప్పుకోవాలి. ఎవరా అని తిరిగి చూడకూడదు. ఇది సాధనకే. పందెంలో ఎంత అరిచినా ఎవరూ అంగుళం కదలనక్కర్లేదు. మిగతావాళ్లు ఆ మాట మామూలుగా అనేవాళ్లు. పిన్ని అంటే కొట్టినట్టుండేది. ఆమెకు మాత్రం ఎవరూ ఆ మాట అనాల్సిన అవసరం రాలేదు, ఎందుకంటే ఆమె వెనక నుంచి వచ్చి అందుకున్నవాళ్లు లేరు. అక్క కూతురు చిన్నప్పుడు మొదటి లైన్లో గునగునా పరిగెడుతుంటే రెండుసార్లు అరిచి, మూడోసారి మోచేత్తో చెప్పింది. పిల్ల గడ్డిలో పడింది. ఆ తర్వాత "దా" అనేసరికే తప్పుకునేది.

ఇప్పుడా పిల్ల పెద్దదైంది. పిన్నికంటే నాలుగు వేళ్ల పొడుగు, మాటల్లో పిన్నికి తీసిపోని పదును. జాతీయ జట్టులో ఎనిమిది వందలకు ఒక్కరికే చోటు. ఆ చోటు కోసం జరిగే పందెంలో మిగతావాళ్లంతా లెక్కకే. పిన్ని మోకాలు ఇంకో ఏడాది మొయ్యనని రోజూ పొద్దున్నే మొరాయిస్తోంది. ఈసారి పోతే ఇక పోయినట్టే. పిల్లకేం, ముందు బోలెడు కాలం ఉందని అందరూ అనేవాళ్లు. పిల్లకు ఆ మాటంటేనే కంపరం.

ఉండేది ఒకే ఇంట్లో. మేడ మీద గదిలో పిన్ని. కింద అక్క, బావ, వాళ్ల కూతురు. వీధి గదిలో అక్క కుట్టు మిషన్. మెట్ల మీద పిన్ని బూట్లూ, పిల్ల బూట్లూ ఎడమొహం పెడమొహంగా పడుండేవి. ఒకరు వంటింట్లోకి వస్తే రెండోవాళ్లు గుడ్డు ఒలవడం సగంలో ఆపి బయటికి పోయేవాళ్లు.

"బావా, ఆఖరి చుట్టు నా టైం ఎంత?" అని ఓ రోజు మైదానంలో అడిగింది పిన్ని.

"చూళ్లేదమ్మా. అప్పుడే అమ్మాయి మలుపు తిరుగుతుంటే అటు చూశాను."

"చూసుకో బావా, నీ కూతురు నీకు ముద్దు. కానీ ఇన్నాళ్లూ పేపర్లో నీ పేరు పడింది నా కాళ్ల వల్ల."

బావ స్టాప్‌వాచ్ జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. తనను వీధిలోంచి తెచ్చిన మనిషే తనను వీధిలో వదిలేశాడని ఆమెకు అనిపించింది. అంత కడుపు మంటలోనూ ఏడుపు వచ్చింది. ఎవరూ చూడకుండా మొహం కడుక్కుంది.

పందెం రోజు, పేర్లు పిలిచే గదిలో అందరూ బెంచీల మీద కూర్చున్నారు. పిన్ని తన పాత విద్య బయటికి తీసింది.

"నీ లేసు ఊడింది చూసుకో."

పిల్ల కిందికి చూడలేదు. "ఈ వేషం నేను బడిలో ఉన్నప్పుడే వేశావు పిన్నీ. కొత్తదేమైనా ఉంటే చెప్పు."

పక్కనున్నవాళ్లు నవ్వు ఆపుకున్నారు. పిన్ని మొహం మాడిపోయింది.

తుపాకీ పేలింది. మొదటి చుట్టు తోపులాటలోనే గడిచిపోయింది. ఆఖరి చుట్టు గంట మోగేసరికి పిల్ల ముందుంది, మొదటి లైను అంచును ఒరుసుకుంటూ. వెనకే పిన్ని. పిన్ని పక్కన బండలాంటి అమ్మాయి ఒకతి, వెనక ఇంకొకతి. ముందుకు పోను సందు లేదు, పక్కకు పోను వీల్లేదు. మోచేయి విసిరింది. ఆ బండకు తగిలినట్టే లేదు. చివరి మలుపు సగమైంది. పిల్ల జడ పిన్ని మొహం ముందే ఊగుతోంది, అందడం లేదు. జట్టు, పేరు, ఈసారి జట్టు కోటు కోసం మేడ మీద గది గోడకు కొట్టి ఉంచిన ఖాళీ మేకు, అన్నీ ఆ జడ వెనకాల మూసుకుపోతున్నాయి.

"దారి!"

ఆలోచించి అరిచింది కాదు. నోరు దానంతటదే తెరుచుకుంది. పిల్ల కాళ్లు కూడా ఆలోచించలేదు. ఒక్క అడుగు పక్కకు పడ్డాయి. లోపలి అంచున ఒక మనిషి పట్టేంత ఖాళీ తెరుచుకుంది. పిన్ని అందులో దూరి, గీత దాటి, మోకాళ్ల మీద కూలబడింది. గెలిచింది.

ఓ జడ్జి బావ దగ్గరికి వచ్చాడు. "ఏదో కేక వినబడిందండీ. ఫిర్యాదు రాసిస్తారా?"

బావ మరదలి వైపు చూశాడు. ఆ చూపులో చుట్టరికం మిగల్లేదు. "ఇస్తాను. రాయడానికేమైనా ఉంటే ఇవ్వండి."

"ఎందుకు నాన్నా?" అంది పిల్ల, ఆయాసం తీర్చుకుంటూ. అందరికీ వినబడేలాగే అంది. "తోసిందా, లాగిందా? ఏం లేదు. పిన్ని దారి అడిగింది. ఇచ్చాను."

"అడగడమేంటే?" పిన్ని లేచి నిలబడింది. "నేను అరిచాను."

"అవును పిన్నీ. అరిచి అడిగావు."

పోటీకి వచ్చిన విలేకరి ఆ మాట రాసుకున్నాడు. సాయంత్రానికి మైదానమంతా పాకింది. పిన్ని గెలిచిందని ఎవరూ అనలేదు. పిన్ని దారి అడిగిందట అన్నారు.

జట్టు కోటు వచ్చింది, భుజాల దగ్గర వదులుగా. కోటు సరిచేయాలంటే ఇంట్లో ఉన్నది అక్కే. పిన్ని మిషను ముందు నిలబడింది. అక్క నోట్లో గుండుసూదులు పెట్టుకుని కొలత తీసింది.

"చెయ్యెత్తు," అంది. కాసేపటికి సూదులు తీసి, "దాన్ని అడిగావటగా," అంది.

"గెలిచానక్కా."

"గెలిచావు, ఎవరు కాదన్నారు? ఈ ఇంట్లో నువ్వు ఏదీ అడిగి ఎరగవు. నీళ్ల గ్లాసు కూడా నా చేతిలోంచి లాక్కునేదానివి. మొదటిసారి అడిగావు, అదీ నా పిల్ల నోటి దగ్గరది." సూది గుచ్చింది. కోటుకే గుచ్చింది గానీ, పిన్ని ఉలిక్కిపడింది.

మర్నాడు పిన్ని సాధనకు వచ్చింది. మొదటి లైన్లో గుండు విసిరే గడ్డపాయన ఒళ్లు వేడెక్కడానికి బరువుగా పరిగెడుతున్నాడు. అంచున కూర్చుని పిల్ల లేసు కట్టుకుంటోంది. పిన్ని వేగంగా వచ్చింది. గుండాయన వీపు దగ్గరపడింది. నోరు తెరిచింది. ఆ మాట గొంతులోనే ఆగిపోయింది. ఎన్నేళ్లుగానో నోట్లో తిరిగిన మాట, ఇప్పుడు ముష్టి చిప్పలా కనబడింది. చేసేది లేక, జీవితంలో మొదటిసారి, చుట్టు తిరిగి పోదామని రెండో లైన్లోకి అడుగేసింది.

సరిగ్గా అప్పుడే గుండాయన, ఆ అడుగుల చప్పుడు ఎవరిదో తెలిసినవాడు కాబట్టి, మాట రాకముందే మర్యాదగా రెండో లైన్లోకి తప్పుకున్నాడు. పిన్ని వెళ్లి ఆయన వీపుకు గుద్దుకుంది. ఇద్దరూ ఆగిపోయారు.

"అయ్యో, ఏమనుకోకు పిన్నీ," అన్నాడు గుండాయన. "దారి అడుగుతావు కదా అని ముందే తప్పుకున్నాను."

పిన్ని మోచేయి సగం లేచి దిగిపోయింది. మొదటి లైను ఖాళీగా ఉంది. పిల్ల లేచి, చేతులు దులుపుకుని, ఆ ఖాళీలోంచి వాళ్లను దాటి పరిగెత్తుకుంటూ పోయింది. ఎవరినీ ఏమీ అడగలేదు.