బడి గోడ మీద పబ్లిక్

లింగస్వామికి పెళ్లాం మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆండాలు టిఫిన్ డబ్బా మూతను ఎవరి మీదో పగ తీర్చుకుంటున్నట్టు బిగిస్తుంది. ఒకసారి గోడ మీద బొమ్మలేయడానికి వెళ్లిన కోదాడ బడిలో అతని అవస్థ చూడలేక హెడ్మాస్టరే కుర్చీలోంచి లేచి వచ్చి చెయ్యి వేశాడు. మూత రాలేదు, ఆయన వేలి గోరు మాత్రం వచ్చింది.

"పులుసు కారితె నీ అంగీ ఎవలు ఉతుకుతరు?" అంటుంది ఆండాలు. ముప్పై నాలుగేళ్లుగా ఉతుకుతున్నది ఆమే.

ఆ బుధవారం పొద్దున సూర్యాపేటలోని రెండు గదుల ఇంట్లో ఆమె మూత బిగిస్తుంటే, అతను గడపలో కూర్చుని బ్రష్షుల వెంట్రుకలు విడదీస్తున్నాడు. నిచ్చెన మోసీ మోసీ కుడి భుజం కిందికి జారిన మనిషి. ఎంత కిరోసిన్ పెట్టి రుద్దినా గోళ్ల సందుల్లో నీలం పోదు. మాట మధ్యలో ఆగి ఎడమ చేత్తో ఛాతీ రుద్దుకోవడం రెండు రోజులుగా కొత్తగా మొదలైంది. గ్యాస్ అని అతనే తేల్చుకున్నాడు.

"దవాఖానకు పోయి రారాదు?" అంది ఆండాలు.

"గోడ అయినంక పోత. రేపటికి అయితది." కొంచెం సిగ్గుపడుతూ అన్నాడు. "నిన్న నా సొంత మాట రాసిన గోడ మీద."

"ఏం మాట?"

"లేడీస్."

"గదేం సొంత మాటయ్యా? బస్సు మీద ఉంటది గద."

"బస్సు మీద రాసింది గూడ నేనే" అంటూ లింగస్వామి మోపెడ్ కిక్ కొట్టాడు.

అది నిజమే. పందొమ్మిదేళ్ల వయసులో బస్సు బాడీలు కట్టే షెడ్డులో చేరినప్పుడు అతను కిటికీల మీద రాసిన మొదటి ఇంగ్లీషు మాట అదే. ఆ సీట్లలో ఆడవాళ్లు వచ్చి కూర్చోవడం చూశాక అర్థం తెలిసింది. ఆ తర్వాత మిర్యాలగూడ రైస్ మిల్లుల పేర్లు, కోదాడ లాడ్జీల పేర్లు, లారీల వెనక పిల్లల పేర్లు, ఎన్నికలప్పుడు గెలిచినవాళ్ల పేర్లూ ఓడినవాళ్ల పేర్లూ రాశాడు. ఎవరో చీటీ ఇస్తే అందులో ఉన్నది గోడ మీదికి ఎక్కించడమే పని. ఫ్లెక్సీలు వచ్చాక ఆ చీటీలు కూడా ఆగిపోయాయి. మిగిలినవి బడి గోడలు.

ఆత్మకూర్ (ఎస్) బడి గోడకు ఇంగ్లీషు టీచరు భాగ్యశ్రీ ఇచ్చిన చీటీలో ఒకటి, అనేకం పద్ధతిలో జంటలు ఉన్నాయి. మ్యాన్, మెన్. ఊమన్, విమెన్. చైల్డ్, చిల్డ్రన్. పర్సన్, పీపుల్. ఒక్కొక్క జంటకూ ఒక బొమ్మ. నిన్న బొమ్మలయ్యాక గోడ కుడి పక్కన ఒక మూరెడు జాగా మిగిలింది. లింగస్వామి చాలాసేపు దాన్ని చూశాడు. తర్వాత చీటీలో లేని పని చేశాడు. మెన్ పక్కన జెంట్స్, విమెన్ పక్కన లేడీస్, చిల్డ్రన్ పక్కన పోరగాండ్లు, పీపుల్ పక్కన పబ్లిక్ అని, వరుసకో నూలు దారం కట్టుకుని తెలుగులో రాశాడు. అంతా మాట్లాడుకునే మాటలే. కానీ ఎవరూ చీటీ ఇవ్వకుండా, అతని తల్లోంచి గోడ మీదికి వచ్చినవి ఇన్నేళ్లలో ఆ నాలుగే.

ఇవాళ అతను మోపెడ్ దిగేసరికి భాగ్యశ్రీ గోడ ముందు నిలబడి ఉంది.

"ఇదేంటండీ లింగస్వామి గారూ? పోరగాండ్లేంటి? పబ్లిక్ ఏంటి? ఇది బడి అండీ, బస్టాండు కాదు."

"పిల్లల తల్లులకు తెలుస్తదని మేడం. గా మాటలైతె అందరు అంటరు."

"తల్లులకెందుకండీ? శుక్రవారం తనిఖీకి పెద్ద సారొస్తున్నారు. ఇంగ్లీషు మీడియం బడిలో ఇది చూస్తే నవ్విపోతారు." ఆమె గొంతు తగ్గించింది. "కోదాడ నుంచి హైదరాబాద్ కాలేజీకి వెళ్లినప్పుడు నా ఇంగ్లీషుకు క్లాసు క్లాసంతా నవ్వారండీ. నా పిల్లల్ని చూసి ఎవరూ నవ్వకూడదు. ఆ మాటలు తెల్లగా కొట్టేయండి. ఆ జాగాలో పూల తీగ ఏదైనా వేయండి."

లింగస్వామి తలూపాడు. ముప్పై నాలుగేళ్లుగా చీటీ ఇచ్చినవాళ్లకు ఊపిన తలే అది, దానికి వేరే పని తెలియదు.

మధ్యాహ్నం డబ్బా మూతను బడి వంటమనిషి వీరమ్మ గరిటె కాడతో లేపి ఇచ్చింది.

"ఏందన్నా, తింటలేవు?"

"గోడ మీద నా మాటలు తీసెయ్యమన్నది మేడం."

"అయ్యో! నేను గంజి వార్చుకుంట నేర్చుకున్న గద. బువ్వకాడ లైనుల నిలబెట్టి జెంట్స్ గిటు, లేడీస్ గటు అన్న. మెన్ అన్న, విమెన్ అన్న. పోరగాండ్లు ఒక్కటే నవ్వుడు." ఆమె మసి చేతులు కొంగుకు తుడుచుకుంది. "నువ్వు చెప్పకపోయినవా మేడంకు?"

"చెప్పిన."

"ఏం చెప్పినవ్? సరే మేడం అని చెప్పుంటవ్."

లింగస్వామి నవ్వాడు. రెండు ముద్దలు తిని డబ్బా పక్కన పెట్టేశాడు.

ఎండ గోడ మీదికి తిరిగాక పని మొదలుపెట్టాడు. జెంట్స్ పోయింది. లేడీస్ అనే మాట మీద బ్రష్షు కొంచెంసేపు ఆగింది, తర్వాత అదీ పోయింది. నిన్నటి రంగు పూర్తిగా ఆరక తెలుపులోకి నీలం దిగితే, రెండోసారి పూశాడు. చెరిపే పని కూడా చక్కగా చేసే మనిషి. పోరగాండ్లు పోయింది. పబ్లిక్ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి లేవలేదు. స్టూలు దిగి, గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు.

సాయంత్రం గంట కొట్టారు. పిల్లలు అరుస్తూ అతని ముందు నుంచే పరుగెత్తారు. పెయింటర్ తాత నిద్రపోతున్నాడని ఒక పాప మిగతావాళ్లను ఉష్ అంది. గిన్నెలు కడిగి వచ్చిన వీరమ్మ అన్నా అని రెండుసార్లు పిలిచి, మూడోసారి పిలవలేదు.

శుక్రవారం పెద్ద సారు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

శనివారం తల్లిదండ్రుల మీటింగుకు తల్లులే వచ్చారు. మీటింగ్ అయ్యాక గోడ ముందు గుమిగూడారు. ఎర్ర బస్సు చుట్టూ జనం ఉన్న బొమ్మ దగ్గర ఒకామె పబ్లిక్ అన్న మాట మీద వేలు పెట్టి, కూడబలుక్కుని చదివి, వేలిని మెల్లగా ఎడమకు జరిపి, కూతుర్ని అడిగి, పీపుల్ అంది. ఇంకొకామె వచ్చి అదే చేసింది. పై మూడు వరుసల దగ్గర ఎవరి వేలూ ఆగలేదు. ఆగడానికి అక్కడ వాళ్లు చదవగల మాటేమీ లేదు. అక్కడేముండెనో వీరమ్మ ఒక్కొక్కటే నోటితో చెబుతోంది. వరండాలో నిలబడ్డ భాగ్యశ్రీ అదంతా చూసింది.

పదమూడో రోజు ఆండాలు నిచ్చెన తీసుకుపోవడానికి ఆటోలో వచ్చింది. గోడను కింది నుంచి పై దాకా చూసింది. ఆమెకు చదువు రాదు.

"సొంత మాట రాసిన అన్నడు మేడం. ఏడుంది?"

భాగ్యశ్రీ తెల్లగా ఉన్న చోటు చూపించింది. వీరమ్మా, తరగతి గదుల గుమ్మాల్లో పిల్లలూ అందరూ చూస్తుండగానే ఆమె అంది.

"ఇక్కడుండేదమ్మా. నేనే చెరిపించాను. తప్పు నాదే. ఆయన రాసిందే సరైంది."

ఆండాలు ఆ తెలుపు మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. ఆమె చేతికి జానెడు కింద, పోరగాండ్లు అన్న మాట వంకర పోకుండా లింగస్వామి రెండు మేకులకు కట్టిన నూలు దారం, కింద అక్షరం లేకుండా, ఇంకా బిగువుగానే ఉంది.