మధ్యలో పెట్టె

"అన్నం చల్లారుతున్నదని మా నాన్నకు చెప్పు," అన్నాడు వీరేందర్ హాల్లోంచి. ఆ నాన్న గోడకు అవతలే ఉన్నాడు. బొగ్గుబావి ఉద్యోగం వారసత్వంగా తనకు ఇప్పించకుండానే రిటైరయ్యాడని నా మొగుడికి అలక, కొడుకు అలిగాడని మామ సమ్మయ్యకు పంతం. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి వాళ్లిద్దరి మధ్య మాటలు మోసేది నేనే. ఊరికే మోస్తే చాలదు, కారం తగ్గించి మోయాలి. "ముసలోనికి చెవుడా ఏంది" అన్నది నా నోట "మామా, జర రండి" అయిపోవాలి.

చేతిలో గరిటె ఉన్నా మనసు భద్రాచలం అడవిలోనే తిరుగుతోంది. నా పీహెచ్‌డీ అక్కడ, చెట్లకు కట్టిన సెన్సర్ పెట్టెల మీద. అవి వేడినీ తేమనీ కొలిచి, వైర్లు లేకుండా ఒకదాని కబురు ఇంకొకటి అందుకుంటూ బేస్ స్టేషన్‌కు చేరుస్తాయి. మధ్యలో ఉన్న పెట్టె ఒక్కటే మాటిమాటికీ ఛార్జి అయిపోయి చచ్చిపోయేది. అందరి కబుర్లూ దాని మీదుగానే మరి. పెద్ద బ్యాటరీ పెట్టమన్నారు మా గైడ్. నాకు ఒళ్లు మండింది. ఛార్జి తగ్గితే అది 'ఇక మోయను' అనొచ్చని కంప్యూటర్ మోడల్‌లో కొత్త నియమం రాశాను. మొదట కబుర్లు పోయాయి. తర్వాత చుట్టుపక్కల పెట్టెలు ఎవరూ చెప్పకుండానే తమలో తాము దారి వెతుక్కున్నాయి.

అడవిలో నిజంగా అలా జరుగుతుందో లేదో రేపు చూడాలి. నేను వెళ్లకపోతే మా ల్యాబ్‌లోని శ్రీధర్ వెళ్తాడు, పేపర్‌లో మొదటి పేరు అతనిదవుతుంది. గైడ్ ఆ మాట ఎంతో మామూలుగా చెప్పారు. తనకు పాల్వంచ ప్లాంటులో పొద్దుటి షిఫ్టని, నేను పోతే ఇల్లెట్ల నడుస్తదని, నాన్నను దవాఖానకు ఎవరు తీస్కపోతరని వీరేందర్ అంతకంటే మామూలుగా అన్నాడు. చెట్టుకు కట్టిన డబ్బాలు మాకంటే ఎక్కువా అని కూడా అడిగాడు. నా కోపమంతా గిన్నెల మీద చూపించి తోమాను.

బ్యాగు సర్దుకుంటుంటే మళ్లీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"రేపు నువ్వు దవాఖానకు తీస్కపోవని మా నాన్నకు నీ నోటితోనే చెప్పు."

బ్యాగు జిప్పు లాగేశాను.

"నువ్వే చెప్పుకో. నేను చెప్ప."

పోనీ నేనే చెప్పేద్దామని నోరు తెరవబోయాను కూడా. అంతలో అవతలి గదిలో మంచం కిర్రుమంది.

"ఎన్నింటికి పోవాల్రా?" అని మామ అడిగాడు.

"తొమ్మిదికి. షిఫ్ట్ మార్చుకుంట," అన్నాడు వీరేందర్.

సంతోషించాల్సిన చోట నాకు కోపంతో ఏడుపొచ్చింది. వీళ్లకు మాట్లాడుకోవడం వచ్చు. ఇన్నేళ్లూ వచ్చు.